పద్నాలుగు గోడ అల్మారాలు

ఫోన్లో వీడియో చూసి ఇంట్లోనే బల్లలు, అరలు చేసుకునే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా కాలంలో ఉలి పట్టాలంటే ఆ కులంలో పుట్టాలి, లేదా ఏదో ఒక కార్ఖానాలో చేరాలి. ఇప్పుడు పొద్దున ఆర్డరు పెడితే సాయంత్రానికి డ్రిల్లు మిషను గుమ్మం ముందు ఉంటుంది. మంచిదే. మీలాంటి వాళ్ల కోసమే ఈ సంగతి రాస్తున్నాను. నా పనితనం గురించి ఇందులో గొప్పలేమీ ఉండవు. నేను చేసిన ఒక తప్పు, అది తెలిశాక ఆడిన ఒక అబద్ధం ఉంటాయి. ఆ రెండింటిలో నన్ను ఎక్కువ కాలం వేధించింది అబద్ధమే.

ప్రభుత్వ శిక్షణ సంస్థలో ముప్పై ఏళ్లు వడ్రంగం నేర్పి రిటైరయ్యాను. నెల తిరక్కముందే ఇంట్లో ఉన్న ప్రతి కుర్చీ కాలూ బిగించేశాను. తలుపులన్నీ చిత్రిక పట్టాను. ఒకరోజు మా ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఇగ కిటికీలనన్న ఇడిసిపెట్టుర్రి. బయట ఏదన్న పని సూసుకోర్రి" అన్నది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేటకు వెళ్లే దారిలో ప్లైవుడ్, హార్డ్‌వేర్ అమ్మే పెద్ద షాపు ఒకటి ఉండేది. వెనక ఉన్న పాత గోదాము ఖాళీ చేసి, ఆదివారాలు మామూలు జనానికి చెక్కపని నేర్పాలని వాళ్ల ఆలోచన. నేర్చుకున్నవాళ్లు సామాను కూడా అక్కడే కొంటారు కదా. మేనేజరుది విజయవాడ వైపు. మొదటి రోజే నాతో, "వీళ్లు మీ ఐటీఐ కుర్రాళ్లలాంటి వాళ్లు కాదు మాస్టారూ. కోప్పడితే మళ్లీ రారు. కాస్త నవ్వుతూ, నవ్విస్తూ చెప్పండి" అన్నాడు.

నవ్వించడం నాకు సులువుగానే వచ్చింది. అదే కొంప ముంచింది.

కోర్సు పది ఆదివారాలు. నేను చెప్పబోయే బ్యాచిలో పద్నాలుగు మంది ఉండేవారు. రిటైరైన హెడ్ కానిస్టేబులు ఒకాయన, చీరల షాపులో సేల్స్‌మన్ ఒకతను, ఇద్దరు ముగ్గురు కంప్యూటరు ఉద్యోగాల పిల్లలు, గృహిణులు. వాళ్లలో దవాఖానలో రక్త పరీక్షలు చేసే ఒకమ్మాయి ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటి ఉంటాయి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఎల్బీనగర్ దాటాక కొత్త అపార్టుమెంట్లో కాపురం పెట్టింది. వారంలో ఆమెకు సెలవు ఉండేదే ఆదివారం. ఆ ఒక్క రోజూ మా గోదాములో రంపపు పొట్టులో కూర్చునేది. నేను చెప్పే ప్రతి మాటా ఒక నోటుబుక్కులో రాసుకునేది. రక్తం చుక్కలు కొలిచే చెయ్యి కాబట్టేమో, ఆమె గీసిన గీత మీద నుంచి రంపం పక్కకు పోయేది కాదు.

ఇంకొక మనిషిని కూడా మీకు పరిచయం చెయ్యాలి. గోదాములో ప్లైవుడ్ షీట్లు దించి, కొలత ప్రకారం కోసిచ్చే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. అంతకుముందు పాతికేళ్లు తాపీ పని చేశాడు. గోడకు కట్టిన సారువ కట్టెల మీద నుంచి పడి మోకాలు దెబ్బతిన్నాక ఈ పనిలో కుదిరాడు. నేను క్లాసు చెబుతుంటే వెనక షీట్ల మీద కూర్చుని వింటుండేవాడు. క్లాసులో ఎన్నడూ నోరు తెరిచింది లేదు.

నాలుగో ఆదివారం గోడ అల్మారా పాఠం. మూడడుగుల పొడవు, రెండు అరలు, మంచి ప్లైవుడ్డు. పద్నాలుగు మందీ ఎవరిది వాళ్లే కోసి, అతికించి, బిగించారు. తర్వాత దాన్ని గోడకు తగిలించడం. గోదాము గోడకు రంధ్రం చేసి చూపించాను. డ్రిల్లు మిషను సుత్తె దెబ్బ మీద, అంటే తిరుగుతూనే గుద్దేలా, పెట్టాలి, ఇంత లోతు వెళ్లాలి, అందులో ప్లాస్టిక్ గిట్టీ దిగ్గొట్టాలి, దాంట్లోకి స్క్రూ తిప్పితే గిట్టీ లోపల ఉబ్బి గోడను పట్టుకుంటుంది. అందరిచేతా తలా ఒక రంధ్రం చేయించాను. నాలుగు స్క్రూల మీద ఒక అల్మారా తగిలించి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని వేలాడాను కూడా. "మనిషి ఎక్కి కూసున్నా ఏం కాదు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆ వారమే అందరూ అల్మారాలు ఇంటికి తీసుకెళ్లారు. ఐదో ఆదివారం ఆ రక్త పరీక్షల అమ్మాయి రాలేదు. ఆరో ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బుధవారం మధ్యాహ్నం ఎటూ ఎల్బీనగర్‌లో పని ఉండి, రిజిస్టరులో అడ్రసు చూసుకుని వాళ్లింటికి వెళ్లాను.

తలుపు ఆమే తీసింది. నన్ను చూసి చిన్నబోయింది. హాల్లో మంచం మీద వాళ్ల అత్తగారు కూర్చుని ఉంది. కుడి పాదానికి కట్టు. ఎదురుగా గోడలో నాలుగు రంధ్రాలు ఉండాల్సిన చోట నాలుగు గుంటలు ఉన్నాయి. పిల్లలు పిండి ముద్దలో వేలు పెట్టి తిప్పితే ఎలా ఉంటుందో అలా. అల్మారా బాల్కనీలో బోర్లా పడి ఉంది. దాని జాయింట్లు మాత్రం ఒక్కటీ కదల్లేదు.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

"పెట్టిన నాలుగో రోజు సార్. అత్తమ్మ కింద కూసోని చిక్కుడుకాయ ఒలుస్తుంది. చెద్దరు తెచ్చుకుంటనని లేచింది. లేచింది కాబట్టి సరిపోయింది. పాదం మీద అంచు తగిలింది. లేవకుంటే..." అని ఆగింది. "నేనే ఏదో తప్పు చేసిన సార్. అన్ని మీరు చెప్పినట్టే రాసుకున్న. ఎక్కడ పోయిందో సమజైతలేదు."

నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. బిట్టు సైజు, లోతు, గిట్టీ పొడవు, స్క్రూల మధ్య దూరం, అన్నీ ఒకదాని కింద ఒకటి రాసి, పని అయినకొద్దీ పక్కన టిక్కు పెట్టుకుంది. ఒక్క అంకె తేడా లేదు.

నేను గోడ దగ్గరికి వెళ్లి ఒక గుంటలో వేలు పెట్టాను. తెల్లటి పొడి. గోధుమపిండిలా వేళ్ల మధ్య జారిపోయింది. ఎర్ర ఇటుక పొడి అలా ఉండదు, ఇసుకలా గరగరమంటుంది. ఆ క్షణాన నాకు అర్థమైపోయింది. ఆ గోడ తేలిక ఇటుకది. ఈమధ్య అపార్టుమెంట్లలో వాడే, లోపలంతా బుడగలు బుడగలుగా ఉండే సిమెంటు ఇటుక. దాన్ని సుత్తె దెబ్బతో తొలిస్తే రంధ్రం వెడల్పయిపోతుంది. గిట్టీకి పట్టు దొరకదు. తప్పు ఆమె చేతిలో లేదు, నా పాఠంలో ఉంది. నేను చూపించింది గోదాము గోడ మీద. అది నలభై ఏళ్ల కిందట ఎర్ర ఇటుకతో అడుగున్నర మందాన కట్టిన గోడ.

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆమె నా మొహంలోకే చూస్తోంది. అత్తగారు కూడా చూస్తోంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"బరువు జర ఎక్కువైనట్టుందమ్మా."

"పప్పు డబ్బాలే పెట్టిన సార్. ఎక్కువనా?"

"కావచ్చు."

ఆమె తలూపింది. అత్తగారు నిట్టూర్చింది. "దీనికి పట్టుదల ఎక్కువ సారూ. ఇంటి పని, దవాఖాన పని, అన్నిట్ల మంచిదే. కానీ అందరి పని అందరికి వస్తదా? మా కొడుకు గూడ అదే అన్నడు. మిషను తీసి అటకెక్కించిండు" అన్నది. ఆమె మాటలో విసురు లేదు. కోడలి మీద జాలి ఉంది. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇచ్చిన చాయ్ తాగి కిందికి దిగాను. స్కూటరు స్టార్టు చేశాను. ముప్పై ఏళ్ల నౌకరీలో నా పని తప్పని ఒప్పుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. రాలేదనే అనుకునేవాణ్ణి.

మర్నాడు గోదాములో మేస్త్రికి చెప్పాను. ఆయన అన్నిటికన్నా ముందు అడిగింది ఒకటే.

"పొడి ఏ రంగుండె సారూ?"

"తెల్లగ."

"గదే మరి. తెల్ల ఇటుకకు సుత్తె దెబ్బ పనికిరాదు. వట్టిగ తిప్పుకుంట మెల్లగ తొలవాలె. దానికి గిట్టీలు వేరే ఉంటయి, పొడుగువి. గంత బరువైతే గవి గూడ నమ్మొద్దు."

"నీకు ముందే తెలుసా?"

"గోడలు కట్టినోణ్ణి, తెల్వదా?"

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా?"

ఆయన చేతిలో ఉన్న టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు సార్లు. అంతమంది ముందట నేర్పుతుంటిరి. నడిమిట్ల నేనొచ్చి ఏం మాట్లాడాలె? మీరు అడిగితే చెప్తుంటి."

అడగలేదు. నెలల తరబడి ఒకే కప్పు కింద పని చేస్తున్నాం. ఆయన పాతికేళ్లు ఏం చేశాడో నాకు తెలుసు. అయినా గోడ గురించి ఆయన్ని ఒక్క మాట అడగాలని తోచలేదు. చెక్కపనిలో నాకు తెలియనిది లేదనుకున్నాను. అల్మారాకు రెండో సగం గోడేనన్న సంగతి మరిచిపోయాను.

మేనేజరు దగ్గరికి వెళ్లి మిగతా పదమూడు ఇళ్లకూ వెళ్లి చూడాలన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. విషయం వినగానే, "ఎవరికైనా ఏమైనా అయితే ఎలాగండీ, తప్పకుండా వెళ్లండి, మేస్త్రిని కూడా తీసుకెళ్లండి" అన్నాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు.

"మాస్టారూ, ఒక్క మాట. తప్పు చెప్పామని మాత్రం అనకండి. ఒకరు వాట్సాపులో పెడితే వంద మందికి వెళ్తుంది. ఉచిత సర్వీసు అనండి. కోర్సులో భాగంగా ఇంటికొచ్చి చూస్తున్నాం అనండి. పని జరుగుతుంది, షాపు పేరూ నిలుస్తుంది."

నాకు ఆ మాట తియ్యగా వినిపించింది. షాపు పేరు సంగతి ఎలా ఉన్నా, నా పేరు నిలుస్తుంది కదా.

అలా మేమిద్దరం నా స్కూటరు మీద బయల్దేరాం. ముందు నేను, వెనక మోకాలు చాచుకుని మేస్త్రి, మధ్యలో డ్రిల్లు మిషను సంచి. మెట్రో స్తంభాల నీడలో ఒక్కో సందూ వెతుక్కుంటూ పోయాం. మొదటి ఇల్లు సరూర్‌నగర్‌లో హెడ్ కానిస్టేబులుది. పాత ఇల్లు. మేస్త్రి చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, వేలి కణుపుతో గోడను రెండు చోట్ల కొట్టి చెవి ఆనించాడు. డాక్టరు రోగి వీపు మీద కొట్టినట్టే ఉంది.

"ఎర్ర ఇటుక. ఏం కాదు" అన్నాడు.

హెడ్ కానిస్టేబులు ఊరుకోలేదు. "ఏం సర్వీసయ్యా, సూడు గిప్పుడు" అని అల్మారాను పట్టుకుని వేలాడాడు. ఆయన బరువుకు నా గుండె ఆగినంత పనైంది గానీ అల్మారా ఆగింది. మా ఇద్దరికీ బలవంతంగా ఉప్మా పెట్టించాడు.

రెండో ఇంట్లో కంప్యూటరు పిల్లవాడు అల్మారాను గోడకు తగిలించనే లేదు. నేల మీదే పెట్టి చెప్పులు సర్దుకున్నాడు. నాగోల్‌లో మూడో ఇల్లు తెల్ల ఇటుకది. అల్మారా చూడటానికి బాగానే ఉంది, మేస్త్రి అంచు పట్టుకుని కదిపితే పాల పన్నులా ఊగింది. దాని కింద ఆ ఇంటావిడ కుట్టుమిషను ఉంది. రోజూ అక్కడే కూర్చుని కుడుతుందట. "స్క్రూలు మార్చాలమ్మా" అని చెప్పి సామాను దింపించి, అల్మారా విప్పి కింద పెట్టేశాం. మళ్లీ వచ్చి బిగిస్తామన్నాం. ఆవిడ మాకు ఎన్ని దండాలు పెట్టిందో. "ఇంటికొచ్చి మరీ చేస్తున్నరు, మీ షాపోళ్లు మంచోళ్లు సార్" అన్నది. నేను ఆ దండాలన్నీ తీసుకున్నాను.

నాలుగు, ఐదు ఇళ్లలో గోడలు గట్టివే.

ఆరో ఇల్లు బాలాపూర్ దారిలో, చీరల షాపు సేల్స్‌మన్‌ది. పోచంపల్లిలో మగ్గం నేసిన కుటుంబం వాళ్లది. ఇతను చిన్నప్పుడే పట్నం వచ్చి షాపుల్లో కుదిరాడు. క్లాసుకు ఒక్క వారం కూడా మానలేదు. మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. "అంత మంచిగనే ఉంది సార్, చూసుడు అక్కర్లే" అంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. తాగడానికి నీళ్లు అడిగి లోపలికి వెళ్లాం. అల్మారా ఎక్కడా కనబడలేదు. గోడ మీద ఒక క్యాలెండరు ఉంది. మామూలుగా ఎవరూ పెట్టని ఎత్తులో, దాని పక్కనే ఇంకో క్యాలెండరు కూడా ఉంది. రెండింటిలో ఒకటి పోయినేడాదిది.

మేస్త్రి ఏమీ అనకుండా వెళ్లి ఒకదాని అంచు పైకెత్తాడు. వెనక గుంటలు.

సేల్స్‌మన్ మొహం ఎర్రబడిపోయింది. "మూడో రోజే పడ్డది సార్. ఎవ్వరు లేరు, అందరం పెళ్లికి పోయినం. అల్మారా మంచం కింద పెట్టిన. క్లాసుల చెప్పాలనుకున్న. అందరియి మంచిగున్నయి, నాదొక్కటే పడ్డదంటే ఏం బాగుంటదని..." అని గొంతు తగ్గించాడు. లోపల వాళ్ల నాన్న టీవీ చూస్తున్నాడు. "మా నాయిన చిన్నప్పటి నుంచి అనేటోడు సార్, నీ చేతులు పనికి రావురా, మాటలకే వస్తయని. చీరలు నేసుడు రాక అమ్మవడ్తి. గీ చెక్కపనన్న వస్తదనుకున్న."

నా చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. "ఏం ఫర్వాలేదు, చూద్దాం" లాంటిదేదో అని బయటపడ్డాను.

కింద స్కూటరు దగ్గర మేస్త్రి ఎక్కలేదు. సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"సారూ, ఇంకెన్ని ఇండ్లున్నయి?"

"ఏడు. ఆ అమ్మాయి ఇల్లు కాక."

"ఎన్ని ఇండ్లల్ల గిట్ల ఉచితం ఉచితం అనుకుంట తిరుగుదాం? గోడ నేను బాగు చేస్త. గా పిలగాని మొఖం ఎవరు బాగు చెయ్యాలె?"

నాకు కోపం వచ్చింది. నువ్వెవరు నాకు చెప్పడానికి అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఎందుకంటే ఆ మాట అనే హక్కు నాకు లేదని నాకు తెలుసు. ఆయన ఎక్కాడు. నేను స్కూటరును షాపు వైపు కాకుండా ఎల్బీనగర్ వైపు తిప్పాను.

ఆ శుక్రవారం సాయంత్రం ఆమె అప్పుడే దవాఖాన నుంచి వచ్చినట్టుంది. మెడలో కార్డు ఇంకా తీయలేదు. మేస్త్రి గుమ్మం దగ్గరే ఆగాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. గోడ తెల్ల ఇటుకది. నేను చెప్పిన పద్ధతి దానికి పనికిరాదు. బరువు ఎక్కువ కాలేదు, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. మొన్న వచ్చినప్పుడే నాకు తెలిసింది, చెప్పలేకపోయాను. అత్తగారి వైపు తిరిగి, "అమ్మా, మీ కాలికి తగిలిన దెబ్బ నా వల్ల తగిలింది, మీ కోడలి వల్ల కాదు" అన్నాను.

ముసలమ్మ నోరు తెరిచి కోడలి వైపు చూసింది. ఆమె మాత్రం నావైపే చూస్తోంది.

"మొన్ననే తెలుసా సార్ మీకు?"

"తెలుసు."

"గోడల వేలు పెట్టి చూసిన్రు కదా. అప్పుడేనా?"

"అప్పుడే."

ఆమె మెడలో కార్డు తీసి పక్కన పెట్టింది. తిడితే బాగుండుననిపించింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"మీకు యాదికున్నదా సార్, నేను గా రోజు అడిగిన. మా ఇంట్ల తెల్ల ఇటుక గోడలు, ఏమన్న తేడా ఉంటదా అని. చెయ్యెత్తి అడిగిన. మీరేమన్నరు?"

నాకు నిజంగా గుర్తులేదు. గుమ్మంలో మేస్త్రి తల దించుకున్నాడు. ఆయనకు గుర్తుంది.

"గోడ గోడేనమ్మా, పెండ్లికొడుకా ఏంది కులగోత్రం అడగనీకి, అన్నరు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. అడగకుండ ఉండాల్సింది అనుకున్న."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ నవ్వు కూడా గుర్తొచ్చింది. అది విని నేనెంత పొంగిపోయానో కూడా.

"తప్పయింది బిడ్డా" అన్నాను.

"ఇంట్ల చెప్పిన్రు, మంచిదే. అత్తమ్మ ఇన్నది. కానీ గా మాట అందరి ముందట అన్నరు సార్. గిది గూడ అందరి ముందటనే అనుర్రి. నేనొస్త ఆదివారం."

శనివారం మేనేజరుకు చెప్పాలా వద్దా అని రోజంతా కొట్టుమిట్టాడాను. చెబితే వద్దంటాడు. చెప్పకపోతే నమ్మకద్రోహం. సాయంత్రం వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "మీరు నన్ను అడుగుతున్నారా, చెబుతున్నారా మాస్టారూ?" అన్నాడు. "చెబుతున్నా" అన్నాను. "సరే అయితే. నేను వినలేదనుకోండి" అని లేచి వెళ్లిపోయాడు.

ఆదివారం పద్నాలుగు మందీ వచ్చారు. ఆమె వెనక వరసలో కూర్చుంది. మేనేజరు కూడా వచ్చి గోదాము తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నేను ఏ ఉపోద్ఘాతమూ పెట్టుకోలేదు. నాలుగో వారం నేను నేర్పింది తప్పు అన్నాను. ఏ గోడకు పనికొస్తుందో, ఏ గోడకు పనికిరాదో చెప్పాను. ఒక ఇంట్లో అల్మారా పడి పెద్దావిడకు దెబ్బ తగిలిందన్నాను. క్లాసులో ఒకరు ఈ ప్రశ్నే అడిగితే నాకు తెలియదని ఒప్పుకోకుండా జోకు వేసి నోరు మూయించానన్నాను. ఆ జోకు మళ్లీ అక్కడే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మొన్నా నిన్నా మీలో కొందరి ఇళ్లకు ఉచిత సర్వీసు పేరుతో వచ్చింది ఇందుకేనన్నాను. నాగోల్ ఆవిడ నా వైపు చూసిన చూపు నేను ఇంకా మరిచిపోలేదు.

పైన రేకుల మీద ఏదో కాకి నడుస్తున్న శబ్దం వినబడుతోంది.

సేల్స్‌మన్ లేచి నిలబడ్డాడు. "నాది గూడ పడ్డది" అన్నాడు. అంతే అని కూర్చున్నాడు.

కాసేపటికి ముందు వరసలో ఉన్న ఒక గృహిణి చెయ్యెత్తింది. "మాది కూడానండి. మా వారికి తెలియకుండా తీసి మిద్దె మీద దాచాను. తెలిస్తే ఏడిపిస్తారని." ఆమెది గుంటూరు వైపు. ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి ఆశ్చర్యంగా తిరిగి, "నీది కూడనా అక్కా? నువ్వు మొన్న మంచిగున్నదన్నవు కదా" అంది. "నువ్వు కూడా అలాగే అన్నావు కదే" అంది ఈవిడ. ఆ ఇద్దరూ ఒకే అపార్టుమెంటు వాళ్లు. మొదటి వారం నుంచీ ఒకే ఆటోలో కలిసి వస్తున్నారు. ఇద్దరి అల్మారాలూ పడ్డాయి. ఒకరికొకరు చెప్పుకోలేదు.

లెక్క తేలేసరికి పద్నాలుగింటిలో ఐదు పడ్డాయి. ఐదుగురిలో ఒక్కరూ నా పాఠం తప్పేమోనని అనుకోలేదు. ప్రతివాళ్లూ తమ చేతినే అనుమానించుకున్నారు. క్యాలెండరు వెనక, మిద్దె మీద, మంచం కింద దాచుకున్నారు. నా ఎదురుగా కూర్చుని కొత్త పాఠం రాసుకుంటూనే ఉన్నారు.

అప్పుడు వెనక వరసలోంచి ఆమె చెయ్యెత్తింది.

"ఇప్పుడు చెప్పుర్రి సార్. గా గోడకు ఏం చెయ్యాలె?"

రెండు రోజులు మేస్త్రితో తిరిగాను కాబట్టి జవాబు నాకు వచ్చు. అప్పజెప్పినట్టు చెప్పేయగలను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అంత జరిగాక కూడా!

"నాకు సగమే తెలుసమ్మా. మిగతా సగం మేస్త్రి చెప్తడు" అన్నాను.

షీట్ల మీద కూర్చున్న ఆయన ఉలిక్కిపడ్డాడు. రానన్నాడు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డ్రిల్లు మిషను చేతిలో పెట్టాను. హెడ్ కానిస్టేబులు జరిగి చోటిస్తే ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాను. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. పద్నాలుగు మందినీ, నన్నూ ఒకసారి చూశాడు.

"ముందుగాల మిషను కింద పెట్టుర్రి. గోడ మీద చెయ్యి పెట్టి కొట్టి ఇనుర్రి" అన్నాడు.

అందరూ లేచారు.

ఆ రోజు మేము నేర్చుకున్నది మీకూ పనికొస్తుంది. మెత్తటి గోడ మీద బరువు వేలాడదీయకండి. అల్మారాకు కిందిదాకా రెండు కాళ్లు పెట్టి బరువు నేలకు పంపండి. గోడ దాన్ని ముందుకు పడకుండా పట్టుకుంటే చాలు. తర్వాతి వారం ఆ ఐదుగురూ, నాగోల్ ఆవిడా తమ అల్మారాలకు కాళ్లు చేసుకున్నారు. రక్త పరీక్షల అమ్మాయి తన ఇంట్లో తానే బిగించుకుంది. వాళ్లాయనే అటక మీద నుంచి మిషను దించి ఇచ్చాడట. మేనేజరు పది రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. పదకొండో రోజు కొత్త బ్యాచి కాగితంలో నా పేరు కింద మేస్త్రి పేరు కూడా వేయించాడు. ఆ తర్వాత రెండేళ్లు మేమిద్దరం కలిసే నేర్పాం.

కథ అక్కడితో అయిపోతే నాకు నిద్ర బాగానే పట్టేది. కానీ ఈమధ్య నాకు శిక్షణ సంస్థలో గడిపిన ముప్పై ఏళ్లు గుర్తొస్తున్నాయి. ప్రతి బ్యాచిలో ముగ్గురో నలుగురో మధ్యలో మానేసేవాళ్లు. చెప్పకుండా రావడం మానేసేవాళ్లు. నేనెన్నడూ ఎందుకని అడగలేదు. పిల్లలకు ఓపిక లేదనుకునేవాణ్ణి. రిజిస్టరులో వాళ్ల పేర్ల ఎదురుగా 'ఆసక్తి లేదు' అని ఎర్ర సిరాతో రాసేవాణ్ణి. గుండ్రంగా, అందంగా రాసేవాణ్ణి.

వాళ్లలో ఎంతమందికి నిజంగా ఆసక్తి లేదో, ఎంతమంది తమ చెయ్యి పనికిరాదని నమ్మి వెళ్లిపోయారో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఆ రిజిస్టర్లు ఎప్పుడో చెదలు తినేసి ఉంటాయి. వాళ్ల ఇళ్లు ఎక్కడో కూడా నాకు తెలియదు.